జువైనల్ హోమ్‌లో ఉన్న మేనల్లుడు రాత్రి డ్యూటీ సార్ పేరు చెబితే వణుకుతున్నాడు. ఎవరికి చెప్పాలి? చెబితే వాడికేమవుతుంది?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ అక్క కొడుకుకి పదహారేళ్లు. దొంగతనం కేసులో అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు. పోయిన ములాఖత్‌లో వాళ్లమ్మతో "రాత్రి డ్యూటీకి ఆ సార్ వచ్చినరోజు నాకు నిద్రుండదు" అన్నాడు. ఆపైన ఎంత అడిగినా తలెత్తలేదు. హోమ్ సూపరింటెండెంట్‌తో మాట్లాడాలా, పోలీసుల దగ్గరికి వెళ్లాలా, నోరెత్తితే బెయిల్ పోతుందా, లోపల వాడిని ఇంకేమైనా చేస్తారా అని మీ భయం. అసలు ఇలాంటివి జరక్కుండా హోమ్‌లో ఏ ఏర్పాట్లుండాలని కూడా అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మొదట సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లకండి. ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి విషయం చెప్పండి. రేపు పొద్దున్నే రాతపూర్వక ఫిర్యాదుతో జువైనల్ జస్టిస్ బోర్డుకు వెళ్లండి, అదే కాగితం పోలీస్ స్టేషన్లో కూడా ఇవ్వండి. రెండుచోట్లా మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. రుజువులు మీరు తేనక్కర్లేదు. ఫిర్యాదు చేసినందుకు బెయిల్ పోదు. సరిగ్గా వాడుకుంటే ఇదే బెయిల్‌కి గట్టి కారణం అవుతుంది, అదెలాగో కింద రాస్తాను.

నేను కొంతకాలం ఒక బోర్డులో సోషల్ వర్కర్ సభ్యుణ్ని, ఆ తర్వాత జిల్లా తనిఖీ బృందంలో ఉన్నాను. వకీలును కాను. చట్టం గురించి రాసేది అక్కడ కూర్చుని వాడినంత మేరకే.

ఇంకో మాట. మీ ప్రశ్నలో హోమ్ ఉన్న ఊరి పేరు, అబ్బాయి మీద కేసు వివరాలు ఉన్నాయి. ముందు అవి తీసేయండి. బాధితుడైనా, కేసులో ఉన్నవాడైనా పిల్లవాడెవరో తెలిసిపోయే వివరాలు బయటపెట్టకూడదని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ రెండూ చెబుతున్నాయి. బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా వద్దు. లోపలున్న పిల్లాడి చెవికి ఆ మాట ఎలా చేరుతుందో మీరు ఊహించలేరు.

సూపరింటెండెంట్ మంచివాడే అయినా ముందు ఆయన దగ్గరికి ఎందుకు వెళ్లొద్దు?

సంస్థను నడిపే మనిషికి తన కింద పనిచేసేవాడి మీద ఇలాంటి సమాచారం తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే పోక్సో 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, జరిమానా. రాతలో ఉన్నది ఇది. జరిగేది వేరు. ముందు "లోపల విచారించుకుందాం" అంటారు. పిల్లాణ్ని ఆఫీసు గదికి పిలుస్తారు. చాలాసార్లు ఆరోపణ ఉన్న మనిషి ఆ గది గుమ్మంలోనే ఉంటాడు. ఒక కేసులో మా దగ్గరికి ఫిర్యాదు వచ్చేసరికే ఫైల్లో ఒక తెల్లకాగితం ఉంది. "నాకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు, సార్లందరూ బాగా చూసుకుంటారు" అని రాసి ఉంది, కింద పిల్లాడి సంతకం. అక్షరాలు మాత్రం ఎవరో పెద్దవాళ్లవి. తర్వాత అవతలి వకీలు కోర్టులో పట్టుకున్నది ఆ కాగితాన్నే. అందుకే అంటున్నాను, పిల్లాడి మాట మొదటిసారి బయటివాళ్ల చెవిన పడాలి, బయటి రిజిస్టర్లో నమోదు కావాలి. సూపరింటెండెంట్‌కి అది పై నుంచి తెలియనివ్వండి.

"ఏం జరిగిందో వాడు చెప్పనే లేదు, ఏమని ఫిర్యాదు చేయను?"

ఈ సందేహంతోనే సగం కుటుంబాలు ఆగిపోతాయి. పోక్సో 19వ సెక్షన్‌లో నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగబోతుందని ఆందోళన ఉన్నవాళ్లు కూడా చెప్పాలని ఉంది. అంటే మీరు విన్న ఒక్క వాక్యం చాలు. "ఫలానా తేదీన ములాఖత్‌లో మా అబ్బాయి వాళ్లమ్మతో ఈ మాటలన్నాడు, ఫలానా ఉద్యోగి పేరు చెప్పాడు, ఆ తర్వాత మాట్లాడలేదు, మాకు లైంగిక వేధింపులేమోనని భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు రాయండి. ఊహలు కలపొద్దు. వాడి మాటలు వాడి యాసలోనే రాయండి. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సమాచారానికి మీ మీద కేసు ఉండదని అదే సెక్షన్ చెబుతోంది. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష 22వ సెక్షన్‌లో ఉన్నమాట నిజమే, కానీ అది కక్షతో, బెదిరించడానికి అబద్ధం చెప్పిన పెద్దవాళ్లకి. పిల్లలకు అది వర్తించదు.

మళ్లీ ములాఖత్ దొరికితే వాళ్లమ్మకు ఒక్కటే చెప్పండి, తవ్వి తవ్వి అడగొద్దని. ముఖ్యంగా "అప్పుడే ఎందుకు చెప్పలేదు", "నువ్వెందుకు ఊరుకున్నావు" అనే మాటలు రాకూడదు. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాం, నీ తప్పేం లేదు, బయటివాళ్లతో మాట్లాడుతున్నాం" అంటే చాలు. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వేయకండి, నిలబెట్టుకోలేరు. ఫోన్లో వీడియో తీసి వాడిచేత అన్నీ చెప్పించడం కూడా వద్దు. వాంగ్మూలం తీసుకోవడానికి పద్ధతి ఉంది, మేజిస్ట్రేట్ ఉన్నారు.

చట్టం దృష్టిలో ఇది ఎంత పెద్ద విషయమో కూడా తెలియాలి, ఎందుకంటే "అబ్బాయిలకేంటి" అని స్టేషన్లో చప్పరించేసేవాళ్లు తగులుతారు. పోక్సోలో ఆడ, మగ తేడా లేదు, పద్దెనిమిది లోపు అందరూ పిల్లలే, ఒప్పుకున్నాడన్న మాటకు విలువే లేదు. పైగా అబ్జర్వేషన్ హోమ్ సిబ్బంది అక్కడి పిల్లల మీద అఘాయిత్యం చేస్తే 5వ సెక్షన్ దాన్ని తీవ్ర నేరంగా విడిగా పేర్కొంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. దురుద్దేశంతో ఒంటి మీద చెయ్యేసినా, అది సిబ్బంది చేస్తే, ఐదేళ్ల నుంచి ఏడేళ్లు. అసభ్యమైన మాటలకు, ఫోన్లో బూతుబొమ్మలు చూపించడానికి మూడేళ్ల వరకు. కాబట్టి "ఏదో ముట్టుకున్నాడంతే" అని ఎవరన్నా వెనక్కి తగ్గొద్దు.

ఒళ్లు నొప్పులు, గాయాలు, రక్తం లాంటివి చెప్పి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఒంటి మీద ఆనవాళ్లు కూడా మూడు నాలుగు రోజులు దాటితే దొరకడం కష్టం. బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టించమని ఫిర్యాదులోనే కోరండి, ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మకి పాడవుతాయి. ఎఫ్ఐఆర్ కాకపోయినా వైద్య పరీక్ష చేయవచ్చని పోక్సో 27వ సెక్షన్ చెబుతోంది. తల్లి గానీ, వాడు నమ్మే మనిషి గానీ పక్కన ఉండొచ్చు. అత్యవసర వైద్యానికి పోలీసు కాగితం తెమ్మని ఆసుపత్రివాళ్లు అడగకూడదు.

బోర్డు దగ్గర ఏం అడగాలి?

జువైనల్ జస్టిస్ బోర్డంటే పిల్లాడి కేసు విచారించే చోటు అనే చాలామందికి తెలుసు. హోమ్‌లో పిల్లాడి మీద జరిగే నేరాలను పట్టించుకోవడం కూడా బోర్డు పనే అని తెలియదు. జువైనల్ జస్టిస్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం బోర్డు నెలకు కనీసం ఒకసారి హోమ్‌ను తనిఖీ చేయాలి. అలాంటి పిల్లల మీద నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టమని పోలీసులను ఆదేశించే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది. స్టేషన్లో తిప్పించుకుంటుంటే ఇదే మీ దారి. ఇది కాక జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపడం, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా కట్టేది) అడగడం ఎలాగూ ఉన్నాయి.

ఫిర్యాదు చివర కోరికలు విడివిడిగా రాయండి. బోర్డు ముందు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, "తగు చర్య తీసుకోగలరు" అని రాసిన కాగితానికి తగు చర్యే దొరుకుతుంది, అంటే ఏమీ దొరకదు. నేనైతే ఇవి రాయిస్తాను:

ఒకటి, ఆ ఉద్యోగిని ఈ పూట నుంచే పిల్లలున్న చోటికి రాకుండా చూడాలి. పిల్లాణ్ని కాదు, ఉద్యోగిని కదపాలి. "రక్షణ కోసం" అని పిల్లాణ్ని ఒంటరి గదిలో పెట్టడం నేను చూశాను. మిగతా పిల్లలకు అది శిక్షలాగే కనబడుతుంది. ఆ తర్వాత ఇంకెవడూ నోరు విప్పడు.

రెండు, సీసీ కెమెరా ఫుటేజీ, రాత్రి డ్యూటీ రిజిస్టరు, లాగ్‌బుక్కు వెంటనే స్వాధీనం చేసుకోవాలి. పాత ఫుటేజీ మీదే కొత్తది రికార్డవుతుంది. వారం పది రోజులు ఆలస్యమైతే "సార్, ఓవర్‌రైట్ అయిపోయింది" అంటారు, అది నిజమే కావచ్చు కూడా. డ్యూటీ రిజిస్టర్లో పేర్లు మారినచోట్లు నేనైతే ముందు చూస్తాను.

మూడు, పిల్లాడితో హోమ్ సిబ్బంది లేనిచోట, బోర్డు సభ్యులో కౌన్సెలరో మాట్లాడాలి. పోలీసులు వాంగ్మూలం తీసుకుంటే యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తక్కువ కాని మహిళా అధికారి, వాడు నమ్మే మనిషి పక్కనుండగా. ఇవన్నీ పోక్సోలో ఉన్నవే, ఉపకారం కాదు.

నాలుగు, బెయిల్, అది కుదరకపోతే వేరే హోమ్‌కి బదిలీ. జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ కింద పిల్లలకు బెయిల్ ఇవ్వడమే మామూలు. బయటికెళితే శారీరకంగానో మానసికంగానో ప్రమాదం అనుకుంటేనో, పాత నేరస్థుల చేతిలో పడతాడనుకుంటేనో, న్యాయం దెబ్బతింటుందనుకుంటేనో ఆపుతారు. మీ అబ్బాయి విషయంలో ప్రమాదం ఉన్నది లోపలే అని మీ వకీలు ఆ సెక్షన్ మాటలతోనే అడగవచ్చు. వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కి ఫోన్ చేయొచ్చు. పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది.

ఐదు, ఫిర్యాదు తర్వాత కొన్ని నెలలపాటు వారం వారం ఎవరో ఒక బయటి మనిషి పిల్లాణ్ని కలిసి బోర్డుకు నివేదిక ఇవ్వాలి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కక్ష తీర్చుకోవడం ఎప్పుడూ కొట్టడంలా ఉండదు. ములాఖత్ రోజున "జ్వరం, రాలేడు" అంటారు, ఆటలోంచి తప్పిస్తారు, టాయిలెట్లు కడిగే వంతు వాడికే వస్తుంది, ప్రవర్తన బాగాలేదని రిపోర్టు రాస్తారు. చివరిది అన్నిటికన్నా ప్రమాదం. లోపలి పిల్లలందరికీ బెయిల్ మీదే ధ్యాస కాబట్టి "నీ రిపోర్టు చెడగొడతా" అన్న ఒక్క బెదిరింపు చాలు, ఏమైనా చేయించుకోవచ్చు. అమెరికాలో జైలు అత్యాచారాల నివారణ చట్టం కింద పిల్లల నిర్బంధ కేంద్రాలకు పెట్టిన ప్రమాణాల్లో, ఫిర్యాదు చేసినవాడి మీద కక్షసాధింపు ఉందేమోనని కనీసం 90 రోజులు గమనించాలని ఉంది. మన బోర్డు కూడా అలాంటి ఆర్డరు వేయొచ్చు. అడిగినవాళ్లు తక్కువ, అంతే.

తోటి పిల్లల వల్ల కూడా ఇవి జరుగుతాయి. కుటుంబాలు ముందు అనుమానించేది పెద్ద కుర్రాళ్లనే. అయితే అమెరికా న్యాయశాఖ 2018లో నిర్బంధంలో ఉన్న పిల్లలనే పేరు లేకుండా అడిగి చేసిన సర్వేలో, అంతకుముందు ఏడాది కాలంలో ఇలాంటిది జరిగిందని 7.1 శాతం మంది చెప్పారు. సిబ్బంది వల్ల అన్నవాళ్లు 5.8 శాతం, తోటి పిల్లల వల్ల అన్నవాళ్లు 1.9 శాతం. అక్కడి లెక్క ఇక్కడికి అతికించలేం గానీ, తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ల మీదే ముందు కన్నుండాలని నా అభిప్రాయం. తోటి పిల్లాడే చేసినా పోక్సో వర్తిస్తుంది, ఆ పిల్లాడు కూడా బోర్డు ముందుకే వస్తాడు. "పిల్లలాటలు" అని సర్దేస్తే ఒప్పుకోవద్దు. వయసు, ఒడ్డూపొడుగూ, మానసిక స్థితి చూసి పిల్లల్ని వేరువేరుగా ఉంచాలని జువైనల్ జస్టిస్ చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. పన్నెండేళ్లవాణ్ని పదిహేడేళ్లవాళ్ల హాల్లో పడుకోబెట్టారంటే తప్పు మొదట హోమ్‌ది.

ఇక నివారణ గురించి. హోమ్‌లో ఏముండాలో జాబితా చాలా పెద్దది, కానీ తనిఖీకి వెళ్లినప్పుడు నేను చూసేవి కొన్నే.

ఫిర్యాదుల పెట్టె ఎక్కడుంది? జువైనల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్ ప్రకారం అది ఆఫీసుకు దూరంగా, పిల్లల గదులకు దగ్గరగా ఉండాలి. తాళంచెవి హోమ్‌వాళ్ల దగ్గర కాదు, మేనేజ్‌మెంట్ కమిటీ అధ్యక్షుల దగ్గర ఉండాలి. వారానికోసారి పిల్లల కమిటీ సభ్యుల ఎదుట తెరవాలి. నేను వెళ్లిన ఒకచోట పెట్టె సూపరింటెండెంట్ గది తలుపు పక్కన, సరిగ్గా కెమెరా కింద ఉంది. ఎన్నడూ ఒక్క చీటీ పడలేదని ఆయన గర్వంగా చెప్పాడు! పక్క గోడకు, స్నానాల గదుల దారిలోకి మార్పించాం. తర్వాత వచ్చిన చీటీల్లో చాలా మటుకు కూరలో పురుగుల గురించే, కానీ పిల్లలు రాయడం మొదలుపెట్టారు. పురుగుల చీటీకి జవాబు దొరికితేనే రేపు పెద్ద విషయం రాసే ధైర్యం వస్తుంది.

రాత్రి ఎంతమంది ఉంటారు? ఒక్కడే ఉంటే ఎంత మంచివాడైనా నాకు ఒప్పుదల కాదు. ఇందాక చెప్పిన అమెరికా ప్రమాణాల్లో మెలకువగా ఉన్న వేళ ఎనిమిది మంది పిల్లలకు ఒకరు, నిద్రవేళ పదహారు మందికి ఒకరు ఉండాలని ఉంది. మన హోమ్‌ల ఖాళీలు తెలిసినవాళ్లకి ఇది నవ్వులాటగా ఉంటుంది. కనీసం రాత్రి ఇద్దరుండటం, కారిడార్లో లైటు ఆర్పకపోవడం, స్టోర్‌రూము తాళం ఒక్కరి దగ్గరే ఉండకపోవడం డబ్బుతో పనిలేనివి. స్నానాల గదుల్లో కెమెరాలు పెట్టేసి భద్రత అనేవాళ్లు కూడా తగిలారు, అది ఇంకో నేరం.

ఎవరికి ఏది ఎక్కువ దొరుకుతోంది? ఒక పిల్లాడికే రెండో అరటిపండు, ఒకడికే ఇంటికి ఫోన్, ఒకడికే గుట్కా. ఇచ్చేవాడు ఎప్పుడూ ఒకే ఉద్యోగి అయితే అక్కడ ఆగాలి. వేధించేవాడు మొదట్లో దాదాపు ఎప్పుడూ "మంచి సార్"గానే ఉంటాడు. రాత్రుళ్లు పక్క తడపడం, స్నానం మానేయడం, మంచం మార్చమని మాటిమాటికీ అడగడం, ఎండాకాలంలో రెండు ప్యాంట్లు వేసుకుని పడుకోవడం కూడా నేను పట్టించుకుంటాను. ఒక్కొక్కటీ విడిగా రుజువు కాదు, కానీ అడగాల్సిన కారణమే.

అన్నిటికన్నా ముఖ్యం, బయటివాళ్లు వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడటం. జువైనల్ జస్టిస్ చట్టం 54వ సెక్షన్ ప్రకారం తనిఖీ కమిటీ మూడు నెలలకోసారైనా రావాలి, ముగ్గురికి తగ్గకుండా, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. రిజిస్టర్లు తిరగేసి టీ తాగి వెళ్లే తనిఖీతో ఏదీ బయటపడదు. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఆడపిల్లల వసతి గృహం సంగతి బయటపడింది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం చేసిన సోషల్ ఆడిట్ వల్ల. 2018లో ఆ నివేదిక వెలుగులోకి వచ్చింది, కేసు విచారణను సుప్రీంకోర్టు ఢిల్లీకి మార్చింది, 2020 ఫిబ్రవరిలో ప్రధాన నిందితుడికి జీవిత ఖైదు పడింది. అంతకుముందు ఆ హోమ్‌కి అధికారుల రాకపోకలు లేక కాదు. వచ్చినవాళ్లు పిల్లల మాట వినకపోవడమే తేడా.

మీ ఆఖరి ప్రశ్న, బెయిల్ వచ్చేస్తే ఇదంతా వదిలేయొచ్చా అని. వాడిమీద ఒత్తిడి పెట్టొద్దు గానీ, మీకు తెలిశాక చెప్పే బాధ్యత మీ మీద ఉంది, ఆ ఉద్యోగి డ్యూటీలో ఇంకా పిల్లలున్నారు. కేసు నడిచేటప్పుడు తోడుండటానికి బాలల సంక్షేమ కమిటీ ద్వారా సహాయక వ్యక్తిని అడగండి, తెలంగాణలో అయితే బాధిత పిల్లలకు, మహిళలకు సాయం చేసే భరోసా కేంద్రాలు కూడా ఉన్నాయి. వాంగ్మూలం ఇచ్చేటప్పుడు నిందితుడు వాడికి ఎదురుపడకుండా చూడాల్సింది కోర్టే. కేసు తేలకముందే మధ్యంతర పరిహారం కూడా ప్రత్యేక కోర్టు ఇవ్వొచ్చు, చికిత్సకూ కౌన్సెలింగ్‌కూ పనికొస్తుంది.

ఒక చిన్న చిక్కు చెప్పడం మరిచాను. చాలా జిల్లాల్లో బోర్డు రోజూ కూర్చోదు. రేపు సిట్టింగ్ లేదని గుమాస్తా అంటే తిరిగి రాకండి. బోర్డు ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్ మామూలుగా కూర్చునే కోర్టు ఎక్కడో కనుక్కుని ఫిర్యాదు అక్కడ ఇవ్వండి, లేదా సోషల్ వర్కర్ సభ్యుల్లో ఒకరికి చేతికివ్వండి. ఇద్దరు సభ్యుల్లో ఒకరు తప్పనిసరిగా మహిళే ఉంటారు, వాళ్లమ్మకు ఆవిడతో మాట్లాడటం తేలిక కావచ్చు. 1098కి చేసిన ఫోన్ తేదీ, సమయం, ఇచ్చిన నంబరు ఏదైనా ఉంటే అదీ ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.